గీత దాటిన చుక్కకు సంజాయిషీ అడగకండి: ఫ్యాక్టరీ యాజమాన్యాలకు ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఫ్యాక్టరీ మేనేజర్లకు, ఉత్పత్తి విభాగాల అధిపతులకు, నాణ్యతా సమీక్షలు నడిపే పెద్దలందరికీ నమస్కారం.

నేను ఇరవై ఆరేళ్లుగా యంత్రాల మధ్య, మైక్రోమీటర్ చేతిలో పట్టుకుని తిరుగుతున్న క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌ని. యంత్రం నిలకడగా నడుస్తోందో లేదో చుక్కలతో, హద్దు గీతలతో చూపే కంట్రోల్ చార్టులు గీశాను, గీయడం నేర్పాను, ఇతరులు గీసినవి వేలల్లో చదివాను. అన్నిటిలోనూ ఒక చార్టు నన్ను వదలడం లేదు. ఈ లేఖకు అదే కారణం.

అది ఒక లేత్ పక్కన, క్లిప్పు అట్టకు తగిలించి ఉండేది. గంటకోసారి వరసగా ఐదు పిన్నులు తీసి కొలవాలి. ఐదింటి సగటును పై గ్రాఫులో, వాటిలో పెద్దదానికీ చిన్నదానికీ మధ్య ఉన్న తేడాను, అంటే రేంజిని, కింది గ్రాఫులో చుక్కగా పెట్టాలి. రెండు వారాల కాగితాలు తిరగేశాను. ఒక్క చుక్క కూడా గీత దాటలేదు. దాటడం అటుంచి, అన్నీ మధ్యగీతను అంటిపెట్టుకునే ఉన్నాయి. షిఫ్టులోని ఎనిమిది గంటల అంకెలూ ఒకే సిరాతో, ఒకే ఒత్తుతో, ఒకే వాలుగా ఉన్నాయి. ఆ ఆపరేటర్ చేతులకు షిఫ్టు మొదలైన పది నిమిషాల్లోనే నూనె అంటుకుంటుంది. కాగితం మీద మాత్రం ఒక్క వేలిముద్ర లేదు. కస్టమర్ దగ్గరి నుంచి తిరిగొచ్చిన పిన్నుల పెట్టె అదే వారం మా బల్ల మీద ఉంది. అవి ఆ లేత్ మీద తయారైనవే.

ఆయన వయసులో నాకన్నా పెద్దవాడు. పక్కకు పిలిచి, "అన్నా, ఇవి కొలిచిన అంకెలేనా?" అని అడిగాను. కాసేపు నేల చూశాడు. "పోయిన నెల ఒక చుక్క బయటికి పోయింది. సంజాయిషీ రాయమన్నారు. రాశాను. సరిపోలేదని మళ్లీ రాయమన్నారు. కొలిస్తే చుక్క మళ్లీ బయటికి పోదని మీరు హామీ ఇస్తారా?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. ఆ హామీ ఎవరూ ఇవ్వలేరు. ఎందుకు ఇవ్వలేరో మీకు వివరంగా చెప్పాలనే కూర్చున్నాను.

1924 మే 16న, అమెరికాలో టెలిఫోన్ పరికరాలు తయారుచేసే వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థలో పనిచేస్తున్న వాల్టర్ షూహార్ట్ అనే భౌతిక శాస్త్రవేత్త తన పై అధికారికి ఒక చిన్న నోటు పంపాడు. మొత్తం ఒక పేజీ. అందులో నేడు మనం కంట్రోల్ చార్టు అంటున్న దాని తొలి రూపం ఉంది. ఆయన పట్టుకున్న విషయం ఇది. ఏ రెండు వస్తువులూ అచ్చంగా ఒకేలా తయారు కావు. ఆ తేడాల్లో ఎక్కువ భాగం వందలాది చిన్న చిన్న కారణాలు కలిసి పుట్టించేవి: లోహంలో గట్టిదనం కాస్త అటూ ఇటూ కావడం, బేరింగులో సన్నని కదలిక, గదిలో వేడి, కొలిచే చేతి ఒత్తిడి. విడదీసి ఏ ఒక్కదానినీ వేలెత్తి చూపలేం. ఇవి పోగా, అప్పుడప్పుడు విడిగా గుర్తించగలిగిన ఒక కారణం వచ్చి పడుతుంది. టూల్ అంచు విరుగుతుంది, వేరే లాటు కడ్డీ వస్తుంది, ఎవరో సెట్టింగు మారుస్తారు. మొదటి రకాన్ని సాధారణ కారణాలనీ, రెండో రకాన్ని ప్రత్యేక కారణాలనీ అంటున్నాం. చార్టు చేసే పనల్లా ఈ రెండింటినీ వేరు చేయడమే. అది నాణ్యతకు వేసే మార్కుల పట్టిక కాదు, మనిషికి వేసే మార్కుల పట్టిక అసలే కాదు.

ఆ లేత్ లెక్కలే తీసుకుందాం. పిన్ను వ్యాసం 20 మిల్లీమీటర్లు, అటూ ఇటూ 0.05 వరకు టాలరెన్స్, అంటే కస్టమర్ ఒప్పుకునే తేడా. తర్వాత నేనే నిలబడి, నిజంగా కొలిచి, ఐదేసి పిన్నుల చొప్పున 25 నమూనాలు సేకరించాను. సగటుల సగటు 20.004. రేంజిల సగటు 0.026. ఐదేసి నమూనాలకు పట్టికలో ఉండే గుణకం 0.577. దాన్ని 0.026తో గుణిస్తే 0.015. అంటే సగటుల చార్టుకు పై గీత 20.019, కింది గీత 19.989. రేంజి చార్టుకు పై గీత కోసం 2.114తో గుణించాలి, 0.055 వస్తుంది. కంట్రోల్ గీతల లెక్క ఇంతే. ఈ లెక్కలో కస్టమర్ ఎక్కడా లేడు, డ్రాయింగ్ లేదు, మీ లక్ష్యం లేదు. ఆ యంత్రం ఆ రోజుల్లో ఎలా నడిచిందో ఆ ముక్క మాత్రమే ఉంది.

చాలా ఫ్యాక్టరీల్లో ఈ గీతలు చెరిపేసి, వాటి స్థానంలో టాలరెన్స్ గీతలు, అంటే 19.95, 20.05 గీయించారు. "కస్టమర్‌కు కావలసింది అదే కదా" అన్నారు. మనవి చేస్తున్నాను, ఒక్క నిమిషం ఆలోచించండి. చార్టు మీద ఉన్నది ఐదు పిన్నుల సగటు. ఆ సగటు సరిగ్గా 20.05 గీత మీద కూర్చుందంటే అర్థమేమిటి? ఆ సమయంలో తయారైన పిన్నుల్లో దాదాపు సగం అప్పటికే టాలరెన్స్ దాటిపోయాయని. అసలు గీత 20.019 దగ్గర అరిచి ఉండేది. ఆ సమయానికి ఒక్క పిన్ను కూడా చెడిపోయి ఉండేది కాదనడం దాదాపు నిజం. సగం సరుకు చెడిపోయాక మోగే గంటను గోడకు తగిలించుకుని, ఏళ్లకొద్దీ అదే కంట్రోల్ చార్టు అనుకుంటున్నాం.

ఇక సంజాయిషీ సంగతి. షూహార్ట్ గీతలను మూడు సిగ్మాల దూరంలో పెట్టాడు. సిగ్మా అంటే సహజమైన ఊగిసలాటకు కొలత. ఏ ప్రత్యేక కారణమూ లేకుండా, యంత్రం నిక్షేపంగా నడుస్తున్నా, కొలతలు నార్మల్ డిస్ట్రిబ్యూషన్ అనే గంట ఆకారపు పంపిణీని అనుసరిస్తే 0.27 శాతం చుక్కలు కాకతాళీయంగా గీత దాటుతాయి. అంటే సుమారు 370 చుక్కలకు ఒకటి. మీ షాపులో 40 చార్టులు, మూడు షిఫ్టులూ గంటకో చుక్క చొప్పున నడుస్తున్నాయనుకోండి. రోజుకు 960 చుక్కలు. ఏ తప్పూ జరగని రోజున కూడా రెండు మూడు చుక్కలు బయటికి పోతాయి. వాటికి కారణం ఏమీ లేదు. లేని కారణాన్ని రేపు ఉదయం పదింటికల్లా రాసి ఇమ్మంటే మనిషి ఏం చేస్తాడు? కథ అల్లుతాడు. రెండోసారి ఆ బాధ కూడా ఎందుకని చుక్కనే లోపలికి జరుపుతాడు. మా అన్న చేసింది అదే.

గీత దాటిన ప్రతి చుక్క దగ్గరా వెతకాల్సిందే. ఆ విషయంలో నేను ఎవరికీ తీసిపోను. వెతికి, ఏమీ దొరకకపోతే "ఏమీ దొరకలేదు" అని రాసే స్వేచ్ఛ ఉండాలని మాత్రమే అడుగుతున్నాను. ఆ రెండు మాటలు రాయనివ్వని చోట చార్టు మీద నిజం ఉండదు.

ఈ మధ్య కంప్యూటర్లు వచ్చాక ఇంకో ఇబ్బంది మొదలైంది. వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థే 1956లో ప్రచురించిన కరదీపికలో గీత దాటడం కాక మరికొన్ని గుర్తులు చెప్పారు. వరసగా ఎనిమిది చుక్కలు మధ్యగీతకు ఒకే వైపున పడటం, మూడింటిలో రెండు చుక్కలు ఒకే పక్క రెండు సిగ్మాలు దాటడం, ఐదింటిలో నాలుగు ఒకే పక్క ఒక సిగ్మా దాటడం. మంచి గుర్తులే. నెమ్మదిగా జరిగే మార్పును ఇవి త్వరగా పట్టిస్తాయి. అయితే నాలుగూ కలిపి వాడితే, ఉత్తుత్తి హెచ్చరిక 370 చుక్కలకు ఒకటి కాకుండా సుమారు 92 చుక్కలకే వస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో ఉన్న గడులన్నిటికీ టిక్కులు పెట్టి, ఎర్రగా వెలిగిన ప్రతిదానికీ జవాబు అడుగుతున్న ఆఫీసులను చూశాను. అక్కడ ఆపరేటర్లు ఎర్రరంగును పట్టించుకోవడమే మానేశారు. ఏ చార్టుకు ఏ గుర్తు అవసరమో ఆ యంత్రం దగ్గర కూర్చుని నిర్ణయించుకోవాలి. చాలా చిన్న మార్పులే ముఖ్యమైన చోట 1954లో పేజ్ ప్రతిపాదించిన క్యూసమ్ చార్టు, 1959లో రాబర్ట్స్ చెప్పిన ఈవ్మా చార్టు ఉన్నాయి. మీ ఇంజనీర్లకు అవి తెలుసు, వాటి గురించి ఇక్కడ ఇంతకన్నా చెప్పను.

నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇంకొకటి ఉంది: ఊరికే సరిదిద్దడం. "పిన్ను 0.01 ఎక్కువ వచ్చింది, ఆఫ్‌సెట్ 0.01 తగ్గించు. ఇప్పుడు తక్కువ వచ్చింది, పెంచు." ఆఫ్‌సెట్ అంటే టూల్ ఎక్కడ నిలవాలో చెప్పే సెట్టింగు. ఇలా సరిదిద్దడం శ్రద్ధలాగా కనిపిస్తుంది. ఇలా ప్రతి పిన్నుకీ చేయి పెట్టే ఆపరేటర్‌ను మెచ్చుకున్న మేనేజర్లు ఎందరో. లెక్క వేరే చెబుతుంది. నిలకడగా ఉన్న యంత్రాన్ని ప్రతి ముక్కకూ, దాని తేడా ఎంతుంటే అంత వెనక్కి తిప్పితే, ఈ ముక్క సహజ తేడాకు పోయిన ముక్క సహజ తేడా కూడా వచ్చి కలుస్తుంది. తేడాల వర్గాల (స్క్వేర్ల) సగటు సరిగ్గా రెట్టింపవుతుంది. దాని వర్గమూలమైన సిగ్మా 1.41 రెట్లు అవుతుంది. మా లేత్ మీద సిగ్మా సుమారు 0.011. చేయి పెడితే 0.016 అవుతుంది. టాలరెన్స్ లోపల తీరిగ్గా ఒదగాల్సిన పిన్నులు రెండు అంచులనూ ఒరుసుకుంటాయి. అమెరికన్ గణాంక శాస్త్రవేత్త ఎడ్వర్డ్స్ డెమింగ్ దీన్నే గరాటు ప్రయోగంతో చూపించేవారు. గరాటులోంచి గోళీని ఒక గుర్తు మీదికి వదలండి, పడిన చోటు గుర్తుకు ఎంత దూరమైతే గరాటును అంత ఎదురు దిశకు జరపండి, మళ్లీ వదలండి. గరాటును కదపకుండా ఉంచినప్పటి కన్నా గోళీలు దూరదూరంగా చెదిరిపోతాయి. మీ చేతులతో ఒకసారి చేసి చూడండి. గంట పని.

ఒక షిఫ్టంతా ఆఫ్‌సెట్ ముట్టుకోవద్దని ఆ అన్నను బతిమాలాను. ఆయనకు చేయి ఊరుకోలేదు, రెండుసార్లు ప్యానెల్ దాకా వెళ్లి వెనక్కి వచ్చాడు. షిఫ్టు చివర రేంజి చార్టు చూసి చాలాసేపు అక్కడే నిలబడిపోయాడు.

నమూనా ఎలా తీస్తున్నారన్నది కూడా చూడండి. దీని గురించి పై స్థాయిలో ఎవరూ అడగగా నేను వినలేదు. ఆరు నాజిళ్లున్న ఒక ద్రవం నింపే యంత్రం దగ్గర, ఒక్కో నాజిల్ నుంచి ఒక్కో సీసా చొప్పున ఆరు సీసాలు కలిపి ఒక నమూనాగా తీసేవారు. చార్టు ఎంతో ప్రశాంతంగా ఉండేది, చుక్కలన్నీ మధ్యలోనే. ఆడిట్‌కు వచ్చినవారు భేష్ అన్నారు. నాకు ఆ ప్రశాంతతే అనుమానం పుట్టించింది. సహజంగా ఊగే చుక్కలు మూడింట ఒక వంతు దాకా మధ్యగీతకు అటూ ఇటూ ఒక సిగ్మా ప్రాంతం దాటి పడాలి. ఇక్కడ వరసగా ఇరవై చుక్కలు మధ్యగీతను వదల్లేదు. విడివిడిగా కొలిస్తే తేలింది. ఒక నాజిల్ సీలు అరిగి, ప్రతి సీసాలో ఎక్కువ పోస్తోంది. ఇంకోటి ఎప్పుడూ తక్కువ. ఈ నాజిల్‌కూ ఆ నాజిల్‌కూ ఉన్న తేడా అంతా రేంజిలోకి చేరి, గీతలు ఎడంగా జరిగిపోయాయి. అంత వెడల్పు గీతల మధ్య ఏ మార్పు వచ్చినా కనపడదు. ఒక నమూనాలోని ముక్కలు వీలైనంత ఒకే పరిస్థితిలో పుట్టాలి, మార్పు జరిగితే అది ఒక నమూనాకూ మరో నమూనాకూ మధ్య బయటపడాలి. గుణకాలకన్నా, సాఫ్ట్‌వేర్‌కన్నా ముందు ఆలోచించాల్సింది ఇదే. గీతలు లెక్కించేటప్పుడు కూడా నెల రోజుల అంకెలన్నీ ఒకే కుప్పగా పోసి సిగ్మా తీయిస్తున్నారు. ఆ నెలలో యంత్రం జారి ఉంటే, ఆ జారుడు కూడా సిగ్మాలో కలిసిపోయి దాన్ని దాచేస్తుంది. నమూనా లోపలి రేంజినుంచే తీయాలి.

ఇప్పుడు మీ సమావేశ మందిరానికి వస్తాను. ప్రతి నెలా తెర మీద రెండు అంకెలు చూపిస్తారు: పోయిన నెల రిజెక్షన్, ఈ నెల రిజెక్షన్. పెరిగితే చీవాట్లు, తగ్గితే చప్పట్లు. రెండు అంకెలతో ఏ ధోరణీ తేలదు. కనీసం రెండేళ్ల నెలవారీ అంకెలు వరసగా గీయండి. పక్కపక్క నెలల మధ్య తేడాల సగటు తీసి, 2.66తో గుణించి, మొత్తం సగటుకు అటూ ఇటూ గీతలు వేయండి. మీ చీవాట్లలో, చప్పట్లలో ఎన్ని నిజమైన మార్పుకు దక్కాయో చూడండి. చాలా మటుకు గీతల లోపలి ఊగిసలాటకే దక్కి ఉంటాయని నా అనుభవం.

మనుషుల మధ్య పోలికలూ అంతే. డెమింగ్ ఎర్రపూసల ప్రయోగం చేసేవారు. తెల్ల, ఎర్ర పూసలు కలిపిన పెట్టెలో ఐదింట ఒకటి ఎర్రది. 50 గుంటల తెడ్డును ముంచి తీయాలి, ఎర్రపూస వస్తే లోపం. ఒకరికి 6 వస్తాయి, మరొకరికి 14. లెక్క ప్రకారం 2 నుంచి 18 దాకా ఏది వచ్చినా పెట్టె చేసిన పనే, తెడ్డు పట్టినవారి ప్రతిభ గానీ తప్పు గానీ అందులో లేదు. నోటీసు బోర్డు మీద "ఈ నెల ఉత్తమ ఆపరేటర్" ఫోటో పెట్టే ముందు ఆ అంకె గీతల లోపలిదో బయటిదో ఎవరైనా చూస్తున్నారా? కిందటి నెల ఫోటో ఉన్నవాడికి ఈ నెల మెమో ఇవ్వడం నేను కళ్లారా చూశాను. ఆయన చేసే పనిలో ఏ మార్పూ లేదు.

సమస్యల్లోనూ మెరుగుదల అవకాశాల్లోనూ 94 శాతం వ్యవస్థకు చెందినవేనని, ఆ వ్యవస్థ యాజమాన్యం బాధ్యత అని డెమింగ్ తన అనుభవం మీద అంచనా వేశారు. ఆ అంకెను పట్టుకుని వాదించను. కానీ ఒక మాట సూటిగా చెప్పాలి. చార్టు నిలకడగా ఉండి, అయినా సరుకు టాలరెన్స్ దాటుతుంటే, ఆపరేటర్ చేయగలిగింది ఇక ఏమీ లేదు. కడ్డీ నాణ్యత మార్చడం, బేరింగు మార్పించడం, మంచి గేజి కొనడం మీ సంతకంతో జరిగే పనులు. ఆ పరిస్థితిలో ఆయన్ను ఇంకా జాగ్రత్తగా చేయమనడం అన్యాయం.

మా లేత్ దగ్గర ఏం జరిగిందో చెప్పి ముగిస్తాను. మా మేనేజర్ గారిని మూడు నెలల గడువు అడిగాను. గీత దాటిన చుక్కకు ఎవరూ సంజాయిషీ అడగరు, చుక్క పక్కన రిమార్కుల గడిలో ఆ సమయంలో ఏం చూశాడో ఒక ముక్క రాయాలి, అంతే. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. రెండు రోజులు ఆలోచించి, స్వయంగా లేత్ దగ్గరికి వచ్చి అన్నతో ఆ మాట చెప్పారు. నేను చెబితే చాలదని ఆయనకు తెలుసు.

మొదటి వారమే ఆరు చుక్కలు బయటికి వచ్చాయి. అంతకు ముందు రెండు వారాల్లో ఒక్కటీ రాని చోట. పై ఆఫీసులో కంగారు పడ్డారు. మా మేనేజర్ గారు నిలబడ్డారు. రిమార్కుల గడిలో ఒకచోట "కూలెంట్ తగ్గింది", ఒకచోట "కొత్త కడ్డీల కట్ట", ఒకచోట "తెలియదు". మిగిలిన మూడూ ఉదయం షిఫ్టు మొదటి గంటవే. మూడింటి పక్కనా ఒకటే మాట: "మిషను చల్లగా ఉంది". ఎన్నో ఏళ్లుగా ఆ మనిషికి తెలిసిన విషయమది. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు. షిఫ్టుకు ముందు యంత్రాన్ని కాసేపు ఖాళీగా తిప్పి వేడెక్కనివ్వడం మొదలుపెట్టాం. మొదటి గంట చుక్కలు మిగతావాటితో కలిసిపోయాయి.

ఆ వారం కాగితం నా దగ్గర దాచుకున్నాను. గురువారం ఉదయం ఏడింటి చుక్క కింది గీతకు బాగా కింద ఉంది. దాని పక్కన, రాతను సగం కప్పేస్తూ, నూనె అంటిన బొటనవేలి ముద్ర.

ఇట్లు,
మీ షాపు ఫ్లోర్ మీది ఒక క్వాలిటీ ఇన్‌స్పెక్టర్